కుర్చీ నుంచి బస్సు మెట్టు దాకా

మా మావయ్యగారు చేపలు మానేశారంటే మొదట మా వీధిలో ఎవరూ నమ్మలేదు. ఆదివారం పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి, పడవల్లోంచి దిగే సరుకుని దగ్గరుండి చూసి, గంటసేపు బేరమాడి కోనాం చేప ముక్క తెచ్చే మనిషి ఆయన. పోర్టులో కలాసీగా చేరి, క్రేన్ ఆపరేటరుగా రిటైరయ్యారు. నేను కొత్తగా కాపురానికి వచ్చిన వారంలోనే, నిండు గ్యాస్ బండని భుజాన పెట్టుకుని వీధి మొదటి నుంచి వంటింటి దాకా తెచ్చి, చెమట కూడా తుడుచుకోకుండా టీ అడిగారు. మాది కృష్ణా జిల్లా. మా నాన్న పంచాయతీ ఆఫీసులో గుమాస్తా. మా ఇంట్లో బరువైన పని అంటే ఏడాదికోసారి బీరువా జరపడమే. అందుకని ఆయన్ని అలా చూస్తూ ఉండిపోయాను.

అత్తయ్యగారికి జబ్బు చేసినప్పుడు, ఆవిడ కోలుకుంటే ఇంక జన్మలో నీచు ముట్టనని మొక్కుకున్నారు. ఆవిడ కోలుకోలేదు. కార్యక్రమాలన్నీ అయిపోయాక ఒకరోజు మా ఆయన మెల్లగా, "మొక్కు ఫలించలేదు కదా నాన్నా, ఇంక నువ్వు తినొచ్చు," అన్నాడు.

"దేవుడు ఆడి మాట నిలబెట్టుకోనేదని నాను నా మాట తప్పుతానేటి?" అన్నారు మావయ్యగారు. ఆ తర్వాత ఆ ప్రస్తావన మా ఇంట్లో ఎవరూ తేలేదు. చేప పోయింది, మాంసం పోయింది, గుడ్డు కూడా పోయింది. చారు, మజ్జిగ, ఊరగాయ మిగిలాయి. వంట తేలికైపోయిందని నేను లోపల్లోపల సంతోషించాను కూడా.

ఒక వానాకాలం అరుగు మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. చాలాకాలం మంచం మీదే ఉన్నారు. తర్వాత వాకర్ ఇచ్చారు. ఎక్సరే చూసిన డాక్టరు ఎముక బ్రహ్మాండంగా అతుక్కుందని మెచ్చుకున్నారు. మేమూ సంబరపడ్డాం. కానీ ఇంటికొచ్చాక అసలు సంగతి తెలిసింది. నిలబెడితే వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేయగలరు. నిలబడటమే రాదు. ఎత్తుగా ఉన్న మంచం మీద నుంచైతే ఎలాగో లేచేవారు. కుర్చీలో కూర్చున్నారంటే ఎవరో ఒకరు చంకల కింద చేతులు వేసి లేపాలి.

మా ఆయనకి అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ ఉద్యోగం. కంపెనీ బస్సు పొద్దున్నే వచ్చి తీసుకుపోతుంది. నాకు మద్దిలపాలెం జంక్షన్లో ఒక ట్రావెల్స్ ఆఫీసులో పని. ఇల్లు బస్ డిపో వెనక సందులోనే కాబట్టి మధ్యాహ్నం వచ్చి ఆయనకి భోజనం పెట్టి వెళ్లేదాన్ని. ఒకరోజు ఆఫీసులో రద్దీగా ఉండి రాలేకపోయాను. డబ్బాలో సర్ది పెట్టిందేగా, తినేసి ఉంటారులే అనుకున్నాను.

సాయంత్రం వచ్చేసరికి ఆయన వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నారు. డిపోలోకి వచ్చీపోయే బస్సులు చూడటం ఆయనకిష్టం. వాకర్ పట్టుకుని అక్కడిదాకా వచ్చి కూర్చున్నారు, మళ్లీ లేవలేకపోయారు. భోజనం డబ్బా లోపల బల్ల మీద ఉన్నది ఉన్నట్టే ఉంది. పంచె తడిసి ఉంది. కుర్చీ కింద నేల కూడా.

"నువ్వు లోపలికెల్లమ్మా," అన్నారు, నా వైపు చూడకుండా. "అబ్బాయొచ్చాక ఆడు సూసుకుంతాడు."

"ఎవరినైనా పిలవాల్సింది కదా మావయ్యగారూ!"

"పిలిసి ఏటని సెప్పమంతావు?"

నేను పక్కింటాయన్ని పిలుచుకొచ్చి, వంటింట్లోకి పోయి, కుళాయి నిండా తిప్పి అంట్లు తోమడం మొదలుపెట్టాను. వాళ్లిద్దరి మాటలు నాకు వినిపించకూడదని, నాకు వినిపించడం లేదని ఆయనకి తెలియాలని. క్రేన్ మీద కూర్చుని ఓడలోంచి టన్నుల సరుకు దించిన మనిషి, తన ఒంటిని తాను ఒక కుర్చీలోంచి ఎత్తుకోలేకపోయారు. ఆ రాత్రి ఆయన అన్నం కూడా వద్దన్నారు.

ఫిజియోథెరపిస్టుని ఇంటికి పిలిపించింది ఆ తర్వాతే. యాభై ఏళ్ల మనిషి, ఖచ్చితంగా మాట్లాడుతుంది. ఆవిడ ముందు ఎక్సరేలు చూడలేదు. మావయ్యగారి తొడని రెండు చేతులతో చుట్టి పట్టుకుని చూసింది. తర్వాత నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఎముక అతికింది. ఆ ఎముకని కదిపే కండ కరిగిపోయింది. నిన్న ఏం తిన్నారో చెప్పండి."

చెప్పాను. పొద్దున్న టీ, రెండు బిస్కట్లు. తర్వాత ఇడ్లీ. మధ్యాహ్నం చారన్నం, మజ్జిగ. సాయంత్రం మళ్లీ టీ. రాత్రి జావ.

"ఇందులో కండకి పోయేది ఏముంది?" అంది ఆవిడ. "మంచాన పడ్డ రోజులన్నీ కండ తగ్గుతూనే ఉంటుంది. వయసులో ఉన్నవాళ్లయితే కాస్త తిని, కాస్త తిరిగితే మళ్లీ పుంజుకుంటారు. పెద్దవాళ్లకి అంత సులువుగా రాదు. వాళ్లకి ప్రోటీన్ మనకంటే ఎక్కువే కావాలి. మనమేమో వయసు పెరిగేకొద్దీ జావలోకి దింపేస్తాం. గుడ్లు పెడుతున్నారా?"

మొక్కు సంగతి చెప్పాను. "అయితే దాని జోలికి వెళ్లొద్దు. వేరే దారి ఉంది. మీకు వంట పని పెరుగుతుంది, అంతే," అంది. కిడ్నీలు బాగున్నాయో లేదో డాక్టరుతో పరీక్ష చేయించి, ఆయన సరేనన్నాకే మొదలుపెట్టమంది. పరీక్ష చేయించాం, అంతా బాగానే ఉందన్నారు.

అక్కడి నుంచి మా వంటింట్లో పెద్ద గొడవ మొదలైంది. ఒక్కపూటే గిన్నెడు పప్పు పెడితే లాభం లేదు, పూటపూటకీ కొంత పడాలంది ఫిజియో. మావయ్యగారికేమో నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది. పైగా దవడ పళ్లు లేవు, గట్టివి నమల్లేరు. పెసలు నానబెట్టి అట్లు పోశాను, తిన్నారు. మజ్జిగ మాన్పించి గట్టి పెరుగు పెట్టాను, గొంతు దిగడం లేదన్నారు. మీల్ మేకర్ వండితే ఒక ముక్క నోట్లో పెట్టుకుని తీసేసి, "రబ్బరు వండినావేటమ్మా?" అన్నారు. పాలు విరగ్గొట్టి, గుడ్డలో కట్టి, ఆ ముద్దని ఉల్లిపాయలతో వేయించి పెట్టాను.

"పాలిరిగిపోతే పారబొయ్యక నాకు పెడతన్నావా?"

"విరిగిపోలేదు మావయ్యగారూ. మీకోసం నేనే విరగ్గొట్టాను."

ఆయన కాసేపు నన్ను, కాసేపు కంచాన్ని చూసి తిన్నారు. బాగుందనలేదు, ఇంకొంచెం వేయమన్నారు.

ఈ మధ్యలో పద్మనాభం నుంచి ఆయన బావగారు, అంటే చెల్లెలి భర్త, రోజూ ఫోన్ చేసేవారు. స్పీకర్ పెట్టుకుని మాట్లాడుకునేవారు కాబట్టి ఇల్లంతా వినిపించేది. "బావా, ఆ తిళ్లన్నీ దేనికి? ఒక సెలైన్ సీసా ఎక్కించీమను. కుర్రోడివైపోతావు," అని ఆయన సలహా. సెలైన్‌లో నీళ్లూ ఉప్పే తప్ప కండ పట్టే సరుకేమీ ఉండదని ఫిజియో నవ్వింది. మావయ్యగారు మాత్రం బావగారి మాటకే కొంచెం మొగ్గారని నాకు అనుమానం.

ఆయన మనసు మార్చింది ఉలవలు. మా వైపు ఉలవలు ఉడకబెట్టి, ఆ నీళ్లతో చారు కాచుకుని, ఉడికిన ఉలవల్ని గేదెలకి పెట్టేస్తారు. నేను కూడా చారు కాద్దామనే ఉడకబెట్టాను. అప్పుడు ఫిజియో చెప్పిన మాట గుర్తొచ్చి, ఉలవలు పారేయకుండా మెత్తగా నూరి, అల్లం, జీలకర్ర కలిపి అట్టు పోశాను. మావయ్యగారు వాసన చూసి, "ఉలవలా?" అన్నారు. మొహంలో ఏదో వెలుగు.

"మా అయ్య దుక్కిలో దిగకముందు ఎడ్లకి ఉలవలుడకేసీవోడు. నాను దగ్గర కూకుని తినిపించీవోణ్ణి. ఉలవలు తిన్న ఎద్దు నాగలి కడితే ఆగదు." అట్టు తుంచుకుంటూ మళ్లీ అన్నారు, "కానీ అమ్మా, ఉలవలు తిని సాలలో పడుకున్న ఎద్దుకి కడుపుబ్బుతాది గానీ, బలం రాదు. పని కూడా సెయ్యించాల."

మర్నాడు ఫిజియో వచ్చినప్పుడు ఈ మాట చెప్తే, "నేను రోజూ చెప్తున్నది అదే కదండీ!" అని ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి నవ్వేసింది. మావయ్యగారూ నవ్వారు. ఆయన తుంటి విరిగాక నవ్వగా చూడటం నాకదే మొదలు. ఉలవలు రోజూ తింటే వేడి చేస్తుందని ఆయనకి భయం, గ్యాస్ పడుతుందని నాకు భయం. అందుకని ఒకరోజు ఉలవలు, ఒకరోజు పెసలు, ఒకరోజు శనగలు, పైన రెండు పూటలా పాలూ పెరుగూ అని మేమిద్దరం ఒప్పందానికొచ్చాం.

పని మొదలైంది. ఫిజియో కుర్చీలో దిళ్లు పేర్చి ఎత్తు చేసింది. ఆ ఎత్తు మీద నుంచి చేతులు ఆనించకుండా లేవాలి, కూర్చోవాలి. అది అలవాటైతే ఒక దిండు తీసేయాలి. నేను మా ఆయన పాత జీన్స్ ప్యాంటు కాళ్లు కత్తిరించి, రెండు సంచులు కుట్టి, ఇసక నింపి ఇచ్చాను. అవి చీలమండలకి కట్టుకుని, మంచం అంచున కూర్చుని కాళ్లు చాపుతూ ముడుస్తూ ఉండేవారు. మొదట్లో తొడలు వణికేవి. పళ్లు బిగించేవారు. మా ఆయన చూడలేక, "ఇవాళ్టికి చాల్లే నాన్నా," అంటే, "నువ్వెల్లి బస్సెక్కు. నా పని నన్ను సేసుకోనీ," అనేవారు.

పనైతే సాగుతోంది గానీ, ఫలితం అంత త్వరగా కనపడలేదు. మా ఆయనకి ఓపిక తగ్గింది. ఒకరోజు వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి, "ఆ అట్టు పిండిలో రెండు గుడ్ల తెల్లసొన కలిపెయ్. అల్లం వేస్తే వాసన రాదు. నాన్నకి తెలీదు," అన్నాడు.

"తెలీదు కాబట్టే కలపను," అన్నాను.

"ఆయన మంచికే కదా?"

"నేనేం పెట్టినా ఇందులో ఏముందని కూడా అడక్కుండా తింటున్నారు. రేపు ఎవరి నోటైనా తెలిస్తే ఇంక ఈ ఇంట్లో ఏ ముద్దని నమ్మి తింటారు?"

మా ఆయన చొక్కా చేతులు మడిచి, "సరే, నానబెట్టిన పెసలు ఎక్కడున్నాయి, నేను రుబ్బుతాను," అన్నాడు. ఆ రోజు నుంచి రుబ్బే పని తనే తీసుకున్నాడు. షిఫ్టుకి వెళ్లేలోపు పిండి సిద్ధంగా ఉండేది.

దిళ్లు ఒక్కొక్కటీ తగ్గుతూ వచ్చాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఆయన బజారుకి వెళ్లాడు. నేను వంటింట్లో కూర తరుగుతున్నాను. మావయ్యగారు వరండాలో అదే ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నారు. ముందు కుర్చీ కిర్రుమన్న శబ్దం. తర్వాత వాకర్ కాళ్లు నేల మీద టక్, టక్. ఆ చప్పుడు హాల్లోంచి, నా వెనక నుంచి వెళ్లింది. తర్వాత బాత్‌రూమ్ గడియ పడిన శబ్దం.

నేను కత్తిపీట వదిలేసి లేచి నిలబడ్డాను, కానీ కదల్లేదు. కదిలితే ఆయనకి తెలిసిపోతుంది. ఆ గడియ ఆయన తనంతట తాను లోపలి నుంచి వేసుకున్నారు. ఎవరూ లేపలేదు, ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ తలుపు బయట కాపలా లేరు. బయటికి వచ్చాక మళ్లీ వరండాలోకి వెళ్లి కూర్చుని, ఏమీ జరగనట్టు, "టీ పెట్టమ్మా," అన్నారు. నేనూ ఏమీ జరగనట్టే టీ పెట్టాను. కానీ పంచదార రెండుసార్లు వేసేశాను. ఆయన తాగి, "ఏటి, ఇయ్యాల పండగా?" అన్నారు. అప్పుడు ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా ఆయన బజారు నుంచి వచ్చేదాకా కూడా ఆగలేక ఫోన్ చేసి చెప్పాను.

ఇంక మావయ్యగారిని పట్టడం కష్టమైపోయింది. పద్మనాభం వెళ్లాలన్నారు. బావగారు మంచం పట్టారని, ఫోన్లో గొంతు నీరసంగా ఉందని ఆయనకి బెంగ. మా ఆయన కారు మాట్లాడతానన్నాడు. వద్దన్నారు. ఆటో అన్నాడు. అదీ వద్దన్నారు. "ఇన్నాళ్లూ ఆ బస్సుల్ని ఇక్కడ కూకునే సూసినాను. ఎక్కాల," అన్నారు.

బస్సు మొదటి మెట్టు మా గుమ్మం మెట్టు కంటే చాలా ఎత్తు. ఫిజియో ఒక పీట వేయించి, దాని మీద ఎక్కి దిగడం నేర్పింది. తర్వాత దాని కింద ఇటుకలు పెట్టి ఎత్తు పెంచింది. గోడకి మా ఆయన ఒక పైపు బిగించాడు, బస్సు తలుపు కడ్డీలాగ. వీధిలో పిల్లలు వచ్చి చూసేవాళ్లు. మావయ్యగారు పట్టించుకునేవారు కాదు. ఉలవట్టు తిని, ఇసక సంచులు విప్పి, పీట ఎక్కేవారు. అప్పటికి వాకర్ పోయి చేతికర్ర వచ్చింది.

బస్సెక్కిన రోజున ముగ్గురం డిపో దాకా నడిచే వెళ్లాం. ఆడవాళ్లకి బస్సు ప్రయాణం ఉచితం చేయడంతో బస్సు అప్పటికే నిండుగా ఉంది. కండక్టరు ఆయన్ని చూసి దిగొచ్చి చేయి అందించబోయాడు.

"ఉండు బాబూ," అన్నారు మావయ్యగారు. చేతికర్ర నా చేతికిచ్చారు. కడ్డీ పట్టుకున్నారు. మంచి కాలు మెట్టు మీద పెట్టారు. మా ఆయన వెనక చేతులు చాపి నిలబడ్డాడు, ముట్టుకోకుండా. వెనక క్యూలో ఎవరో విసుక్కున్నారు. మావయ్యగారి పిక్క బిగుసుకోవడం, పంచె కింద తొడ గట్టిపడటం నేను చూశాను. ఒళ్లంతా ఒక్కసారి పైకి లేచింది. రెండో కాలు కూడా మెట్టెక్కింది. లోపలి నుంచి ఒకామె లేచి సీటిచ్చింది. కూర్చుని, కిటికీలోంచి మా వైపు చూసి, "ఇంకా అక్కడే నిలబడ్డారేటి? రండి!" అని కేకేశారు. మా ఆయన కళ్లు తుడుచుకుంటుంటే నేను చూడనట్టు ముందుకు తోశాను.

పద్మనాభంలో బావగారు మంచం మీద గోడకానుకుని ఉన్నారు. నేను పెళ్లిలో చూసిన మనిషిలో సగం కూడా లేరు. వాళ్ల కోడలు గ్లాసుతో జావ తెచ్చింది. పాపం, ఎంతో శ్రద్ధగా చూసుకుంటోంది. "ఈ వయసులో తేలిగ్గా అరిగేదే మంచిదని ఇదే ఇస్తున్నాం వదినా," అంది నాతో. ఒకప్పుడు నేనూ సరిగ్గా అలాగే అనుకున్నదాన్ని.

మావయ్యగారు మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "బావా, నువ్వేటైనా మొక్కుకున్నావా?"

"నేదు బావా. దేనికి?"

"మరి గుడ్డు తినడానికి నీకేటడ్డం? సేప తినడానికేటడ్డం? నాను ఎడ్ల తిండి తిని లెగిసాను. నీకు నాకంటే సులువు గదా!"

బావగారు నీరసంగా నవ్వారు. "ఇంకెందుకు బావా, లెగిసి నానెక్కడికెల్లాల?"

"మా ఇంటికి రా. బస్సుంది."

అని మావయ్యగారు తన కుర్చీలోంచి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఆనకుండా లేచి నిలబడ్డారు. మళ్లీ కూర్చున్నారు. మళ్లీ లేచారు. బావగారు నోరు తెరుచుకుని చూస్తున్నారు. వాళ్లావిడ, అంటే మావయ్యగారి చెల్లెలు, పని వదిలేసి గుమ్మంలోకొచ్చి నిలబడి, "మా అన్నని లేపీసినావు తల్లీ!" అంటూ నా చెయ్యి పట్టుకుంది.

"నన్నెవలూ లేపనేదు," అన్నారు మావయ్యగారు. "నానే లెగిసాను. మా అబ్బాయి పప్పు రుబ్బినాడు, ఈ అమ్మ వొండి పెట్టింది. ఒక్క రోజు కూడా అబద్ధం పెట్టనేదు."

ఆ గుడ్డు సంగతి ఆయనకెలా తెలుసో నాకిప్పటికీ తెలీదు. వంటింట్లో మాటలు ఆయన విన్నారో, మా ఆయనే చెప్పుకున్నాడో. నేను అడగలేదు. ఆ ఊళ్లో, అంతమంది ముందు, ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. చదువులో నాకెప్పుడూ బహుమతులు రాలేదు. ఉద్యోగంలోనూ పెద్దగా చెప్పుకోదగ్గదేమీ లేదు. కానీ నా వంట మీద ఒక మనిషి నిలబడ్డాడు.

ఇప్పటికీ మావయ్యగారు చేతికర్ర వాడతారు. మొన్నామధ్య జ్వరం వచ్చి పదిరోజులు పడుకుంటే తొడలు మళ్లీ కొంచెం సడలాయి. ఫిజియో ముందే చెప్పింది, ఇది ఒకసారి చేసి వదిలేసే పని కాదని. కుర్చీలో మళ్లీ ఒక దిండు వేశాం, కొన్నాళ్లకి తీసేశాం. బావగారు గుడ్లు తింటున్నారు. మంచం అంచు నుంచి ఇద్దరు పట్టుకుంటే లేస్తున్నారట, ఇంకా ఒంటరిగా కాదు. రోజూ ఫోన్లో వాళ్లిద్దరికీ అదే గొడవ. ఇటు నుంచి మావయ్యగారు, "సేత్తన్నావా, నేదా?" అని గద్దిస్తారు. అటు నుంచి ఆయన, "సేత్తన్నాను బావా, సేత్తన్నాను, కాస్త ఊపిరాడనీ," అంటారు. ఆ పక్కన కోడలు "చేయట్లేదు, అంతా అబద్ధం!" అని అరుస్తుంది. ఇక్కడ వరండాలో మావయ్యగారు ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే లేచి నిలబడి, పోర్టులో కింద నిలబడ్డ కూలీలకి వినపడేలా పిలిచే గొంతుతో, బావగారు కూడా తనతో పాటు చేసేలా, ఒకటీ, రెండూ అని లెక్క మొదలుపెడతారు.